సంఘం ఉత్తరాల పెట్టె: యుడోరా నుంచి లినక్సుకి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల్లో రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వానపత్రికలో నా పేరు పక్కన ‘కంప్యూటర్లు – మన జీవితం’ అని వేశారు. అంత పెద్ద విషయం మాట్లాడే శక్తి నాకు లేదండి. పవర్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. నేను చెప్పగలిగింది ఒక్క కంప్యూటరు సంగతి. అది మన మాజీ కార్యదర్శిగారి ఇంట్లో, తాడేపల్లిగూడెంలో, ముందుగదిలో కిటికీ పక్కన ఉండేది. అందులో మన సంఘానికి వచ్చిన ఉత్తరాలు, మన సంఘం రాసిన ఉత్తరాలు అన్నీ ఉన్నాయి. 1998 నుంచి లెక్క. చందా రసీదులు, పెళ్లి పిలుపులు, చావు కబుర్లు, గురువుల ఆశీర్వచనాలు, కొట్లాటలు. ఇవన్నీ యుడోరా అనే ప్రోగ్రాములో ఉండేవి. ఇప్పుడు మన బడి గ్రంథాలయంలో లినక్స్ కంప్యూటరులో ఉన్నాయి. అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చాయో చెప్పమని కమిటీవారు అడిగారు. కార్యదర్శిగారు మొదటి వరసలోనే కూర్చున్నారు కాబట్టి నేను కోసిన కోతలకి అక్కడికక్కడే సవరణ దొరుకుతుంది.

ఈనాటి పిల్లలకి యుడోరా పేరు తెలియదు. మన వయసువాళ్లలో కొందరికి ఆ పేరు వింటే చాలు, మొహం వెలుగుతుంది. 1988లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే స్టీవ్ డోర్నర్ అనే ఆయన మాకింటాష్ కోసం దీన్ని రాశారు. యుడోరా వెల్టీ అని ఒక రచయిత్రి. ఇంట్లో వాళ్లతో తగువు పడి, మూటాముల్లె సర్దుకుని పోస్టాఫీసులోనే కాపురం పెట్టేసిన అమ్మాయి గురించి ఆవిడ ఒక కథ రాశారు. పొద్దస్తమానం ఉత్తరాల పనే చేస్తూ తనూ పోస్టాఫీసులో కాపురం ఉన్నట్టే అనిపించి, డోర్నర్ తన ప్రోగ్రాముకి ఆవిడ పేరు పెట్టుకున్నారు. తరవాత క్వాల్‌కామ్ సంస్థ దాన్ని తీసుకుంది, విండోసుకీ వచ్చింది.

అది మన వాళ్లకి ఎందుకంత నచ్చిందో చెప్పాలి. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ తెరిచింది. తెరిచింది పెద్ద నగరాల్లో. మన వైపుకి అది కాలవ చివరి పొలానికి నీళ్లు చేరినట్టు చేరింది. ఫోను లైను మీద మోడెమ్ కీచుమంటూ కలిసేది. కలిసిన ప్రతి నిమిషానికీ ఫోను మీటరు తిరిగేది. ఆ లోపల ఇంట్లోకి ఎవరైనా ఫోన్ చేస్తే లైను దొరకదు. అందుకని యుడోరా పద్ధతి మనకి అతికినట్టు సరిపోయింది. లైను కలపడం, వచ్చిన ఉత్తరాలన్నీ మన కంప్యూటరులోకి దింపుకోవడం, లైను తీసేయడం. తరవాత తీరిగ్గా, కాఫీ తాగుతూ చదువుకోవడం. జవాబులు రాసి వరసలో పెట్టుకోవడం. మర్నాడు మళ్లీ లైను కలిపితే అన్నీ ఒక్కసారే పోతాయి. కార్యదర్శిగారు రోజూ పొద్దున్న ఆరున్నరకి లైను కలిపేవారు. ఆ టైములో ఇంటికి ఫోన్ చేయకూడదని బంధువులందరికీ తెలుసు.

పైగా ఎక్కువ అడిగేది కాదు. డబ్బు కట్టనివాళ్లకి 2000 నుంచి మూల చిన్న ప్రకటన చూపించేది, అంతే. పాత కంప్యూటరులో కూడా చకచకా నడిచేది. వేల ఉత్తరాల్లో ఒకాయనవి మాత్రమే కావాలంటే ఆల్ట్ మీట నొక్కి ఆయన పేరు మీద క్లిక్ చేస్తే ఆయన రాసినవన్నీ ఒకచోటికి వచ్చి నిలబడేవి. ఈ ఒక్క సౌకర్యం కోసం మనుషులు ఆ ప్రోగ్రామును వదల్లేకపోయారంటే నేను నమ్ముతాను.

ఇంకో సరదా కూడా ఉండేది. అయిదో వెర్షనులో, 2000లో, మూడ్‌వాచ్ అని పెట్టారు. ఉత్తరంలో కోపం మాటలుంటే పక్కన మిరపకాయ బొమ్మ వేసేది. కోపాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు మిరపకాయలు. చల్లటి ఉత్తరమైతే ఐసుముక్క. అమెరికా వాళ్లు మన కోసమే పెట్టారేమో అనుకున్నాం! అయితే దానికి మన తిట్లు తెలియవు. ఆ సంగతి 2006లో బాగా తెలిసొచ్చింది.

2006 అంటే మీకు గుర్తుండే ఉంటుంది. కొల్లేటి అభయారణ్యాన్ని 1999లో ప్రకటించారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. 2006లో ప్రభుత్వం అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేయించింది. మన బడి పిల్లల్లో లంక గ్రామాలవాళ్లున్నారు, చెరువుల మీద అప్పులు తెచ్చి పెట్టినవాళ్లున్నారు. ఇటు సరస్సు పూడిపోతోందని, ఉప్పుటేరులోకి నీళ్లు పోవడం లేదని, ఆటపాకకి పెలికాన్లు రావాలని వాదించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మన సంఘం ఉత్తరాల జాబితాలో కొన్ని వారాలపాటు అదే యుద్ధం. డల్లాస్ నుంచి ఒకాయన పక్షుల గురించి నాలుగు పేజీలు రాస్తే, కైకలూరు నెట్ సెంటరులో గంటకింతని కట్టి కూర్చుని ఇంకొకాయన ఎనిమిది పేజీల జవాబు. మధ్యలో చెప్పకూడని మాటలు. ఒక్కదాని పక్కనా మిరపకాయ పడలేదు! అంతా తెలుగు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. యుడోరా చల్లగా చూస్తూ ఊరుకుంది.

నవ్వొచ్చే సంగతే. కానీ ఈ రోజు ఆ ఉత్తరాలు చదివితే నవ్వు రాదండి. గట్టు తెగిన రాత్రి ఏ ఇంట్లో ఏం జరిగిందో, బ్యాంకు అప్పు ఎంత మిగిలిందో, ఊళ్లోంచి ఎవరు వలస పోయారో, ఆ మనుషులే, ఆ వారంలోనే, స్నేహితుడికి చెప్పినట్టు రాసుకున్నారు. అవతలి పక్షం వాదన కూడా అంతే నిజాయితీగా ఉంది. పత్రికల్లో వచ్చింది వేరు, ఇది వేరు. నా మటుకు నాకు ఆ పెట్టెలో అన్నిటికంటే విలువైన ఫోల్డరు ‘కొల్లేరు’ అన్నదే.

ఇలాంటి పెట్టె ఎలాంటి చోట ఉంది? యుడోరా విండోస్ చివరి వెర్షను 2006 అక్టోబరులో వచ్చింది. ఆ తరవాత ఇంక లేదు. విండోస్ ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. కార్యదర్శిగారి కంప్యూటరు ఎక్స్‌పీదే. ఫ్యాను మోత పెట్టేది, వానాకాలంలో రెండుమూడుసార్లు ఆన్ చేస్తేగాని లేచేది కాదు. పవర్ సప్లై నేనే రెండుసార్లు మార్చాను. రేపు హార్డ్ డిస్కు పోయిందంటే మన పాతికేళ్ల మాటా మంతీ దానితో సరి. అప్పటికే మన బళ్ళో ల్యాబు కంప్యూటర్లన్నిటికీ లినక్స్ ఎక్కించి ఉన్నాం. పాత కంప్యూటర్లు దాని మీద మళ్లీ లేచి తిరుగుతున్నాయి, లైసెన్సు ఖర్చు లేదు. సంఘం ఉత్తరాలు కూడా అక్కడికే చేర్చాలని కమిటీ తీర్మానించింది. కార్యదర్శిగారు ఒక్క షరతు పెట్టారు. ‘నా యుడోరా నాకు కావాలి’ అని.

కాబట్టి మొదట యుడోరానే లినక్సుకి తెద్దామని కూర్చున్నాం. దానికి వైన్ అని ఒక సాధనం ఉంది. తాగేది కాదు లెండి. 1993లో మొదలైన పని, పదిహేనేళ్లు నలిగి 2008లో ఒకటో వెర్షను వచ్చింది. విండోస్ ప్రోగ్రాము ‘ఒక కిటికీ తెరువు, ఒక ఫైలు చదువు’ అని విండోసును అడుగుతుంటుంది కదా, ఆ అడిగినవాటికి లినక్సులో సమాధానం చెప్పేదే వైన్. ప్రోగ్రాముకి తను వేరే ఇంట్లో ఉన్నట్టు తెలియదు. యుడోరా ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులో తెచ్చి వైన్ కింద నడిపితే, నడిచింది! అవే బొమ్మలు, అవే మీటలు. కార్యదర్శిగారు మహదానందపడి నాకు ఆ రోజు గూడెంలో ఉల్లి పకోడీ పెట్టించారు. ఉల్లిపాయల మార్కెట్టున్న ఊళ్లో పకోడీకి ఉల్లిపాయ లోటేముంది.

ఆనందం రెండు నెలలే. పాత ఉత్తరాలు చదవడానికి బాగానే ఉంది. కొత్తవి తెచ్చుకోవడం, పంపడం దగ్గర తగువు. మెయిలు సర్వర్లు ఈ రోజుల్లో అడిగే భద్రతా పద్ధతులు 2006 నాటి ప్రోగ్రాముకి ఎలా తెలుస్తాయి? ఇవాళ సర్దితే ఎల్లుండి మళ్లీ మొరాయించేది. పాత ఇంటిని పెళ్లగించి కొత్త స్థలంలో నిలబెట్టాం, గోడలు మాత్రం పాతవే.

ఈలోగా ఒక వార్త తెలిసి ఇంకొంత ఆశపడ్డాం. అమెరికాలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అని ఉంది. వాళ్లు క్వాల్‌కామ్‌తో అయిదేళ్లు మాట్లాడి, 2018 మేలో యుడోరా సోర్సు కోడును జనానికి ఇచ్చేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అయితే మనమే లినక్సుకి తిరగరాసుకోవచ్చు కదా అని తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో చదివే మన బడి కుర్రాడొకడు ఉత్సాహపడ్డాడు. కోడు దింపి చూశాడు. బయటి సంస్థల దగ్గర కొని వాడిన భాగాలు అందులోంచి తీసేయాల్సి వచ్చింది కాబట్టి, దాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రోగ్రాముగా మార్చడం కుదరదు. కుర్రాడు ఒక సెమిస్టరు పోరాడి, ‘అంకుల్, ఇది నా చదువు పూర్తయ్యేలోగా అవదు’ అన్నాడు. వాడు అన్నది న్యాయమే. అంతకుముందే, 2010లో, థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాముకి యుడోరా వేషం వేసి యుడోరా ఓఎస్‌ఈ అని విడుదల చేశారు. కార్యదర్శిగారికి అది చూపిస్తే, ‘వేషమేసుకున్న మనిషి నాకెందుకు, అసలు మనిషినే రమ్మను’ అన్నారు. అలా థండర్‌బర్డ్‌కి వచ్చాం. అది 2004 డిసెంబరులో ఒకటో వెర్షను వచ్చినప్పటి నుంచీ విండోసులోనూ లినక్సులోనూ ఉంది.

అప్పటికి నాకు అర్థమైంది ఇది. మనం తేవాల్సింది యుడోరాని కాదు, ఉత్తరాల్ని. అవి బయటికి వస్తాయా రావా అన్నదే అసలు ప్రశ్న. కొల్లేటిలోకి బుడమేరు వస్తుంది, తమ్మిలేరు వస్తుంది, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వస్తాయి. సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే. మెయిలు ప్రోగ్రాములూ అంతే. లోపలికి తెచ్చుకోవడానికి పది దారులు చూపిస్తాయి, బయటికి పోయే దారి పూడిపోయిందో లేదో వానలొచ్చినప్పుడే తెలుస్తుంది.

యుడోరా దగ్గర ఆ దారి తెరిచే ఉంది. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకి దణ్ణం పెట్టాల్సింది ఇక్కడ. ప్రతి ఫోల్డరుకీ ఒక మామూలు టెక్స్టు ఫైలు, పేరు చివర ఎంబీఎక్స్ అని ఉంటుంది. నోట్‌ప్యాడులో కూడా తెరవొచ్చు. ఉత్తరం కింద ఉత్తరం, ఒకే చాంతాడులా ఉంటాయి. ప్రతి ఉత్తరం మొదట్లో ‘ఫ్రమ్’ అన్న మాట, పక్కన మూడు ప్రశ్నార్థకాలు, ఎట్ గుర్తు, మళ్లీ మూడు ప్రశ్నార్థకాలు, తరవాత తేదీ. ఎవరి దగ్గర నుంచి అన్నచోట ప్రశ్నార్థకాలేమిటా అని భయపడక్కర్లేదు, అసలు పేరు కింది వరసలో ఉంటుంది. యునిక్సు ప్రపంచంలో ఎమ్‌బాక్స్ అనే పాత పద్ధతికి ఇది దగ్గర చుట్టం. థండర్‌బర్డ్ కూడా మామూలుగా ఆ పద్ధతిలోనే ఉత్తరాలు దాస్తుంది.

దగ్గర చుట్టమే కానీ ఒకే మనిషి కాదు. విండోసులో వరస చివర రెండు గుర్తులుంటాయి, లినక్సులో ఒకటే. అది సరిచేయాలి. ఉత్తరం చదివామా, జవాబిచ్చామా అన్న వివరం ఉత్తరంలో ఉండదు, పక్కన టీఓసీ అనే వేరే ఫైలులో ఉంటుంది. మేం దాని జోలికి పోలేదు, అన్నీ చదివినట్టే గుర్తు పెట్టేశాం. పాతికేళ్ల కింద జవాబివ్వని ఉత్తరానికి ఇప్పుడు గుర్తు పెట్టి ఏం లాభం?

అటాచ్‌మెంట్ల దగ్గరే మా నెల రోజులు పోయాయి. యుడోరా ఉత్తరంతో వచ్చిన ఫొటోని విడదీసి వేరే ఫోల్డరులో పెట్టేస్తుంది. ఉత్తరం అడుగున మాత్రం ‘ఫలానా డ్రైవులో ఫలానా చోట ఉంది’ అని ఒక వరస రాసి ఊరుకుంటుంది. లినక్సులో సీ డ్రైవు అన్నదే లేదు. కాబట్టి ఆ వరస చదివి, ఆ ఫొటోని వెతికి పట్టుకొచ్చి, తిరిగి ఉత్తరంలో కూర్చోబెట్టాలి. ఎన్ఐటీ కుర్రాడు పైథానులో చిన్న ప్రోగ్రాము రాశాడు. మొదటిసారి నడిపితే సగం ఫొటోలు దొరకలేదన్నది. విండోసుకి పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే. లినక్సుకి వేరు. ఉత్తరంలో పేరు చిన్నక్షరాల్లో, డిస్కు మీద పెద్దక్షరాల్లో ఉంటే లినక్స్ ‘నాకు తెలియదు’ అంటుంది. అది సరిచేశాక చాలావరకు చేరాయి. కొన్ని ఫొటోలు డిస్కు మీదే లేవు, ఎప్పుడు పోయాయో పోయాయి. ప్రతి ఫోల్డరులోనూ అక్కడెన్ని, ఇక్కడెన్ని అని ఉత్తరాలు లెక్కపెట్టింది మన తొమ్మిదో తరగతి పిల్లలు. కాగితం మీద గీతలు పెట్టి మరీ లెక్కపెట్టారు. తేడా వచ్చిన చోటల్లా ఫైలు తెరిచి చూశాం.

చిరునామాల పుస్తకం గురించి ఒక్క మాట. యుడోరాలో అది కూడా మామూలు టెక్స్టు ఫైలే. ఒక వరసలో మారుపేరు, చిరునామా. ఇంకో వరసలో ఆ మనిషి గురించి మనం రాసుకున్న గమనిక. కార్యదర్శిగారు ఇన్నేళ్లుగా ఆ గమనికల్లో మన అందరి గురించీ రాసుకున్నారు. ఎవరు చందా ఎగ్గొట్టారు, ఎవరితో మాట్లాడేటప్పుడు ఏ ప్రసక్తి తేకూడదు, ఎవరు ఎవరి పెళ్లికి వెళ్లలేదు. అది ల్యాబులో తెర మీద తెరుచుకునేసరికి ఆయన గబగబా లేచి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ ఫైలు ఒక రాత్రి ఆయన ఇంటికి వెళ్లి, శుభ్రంగా స్నానం చేసి తిరిగొచ్చింది. మీరెవరూ కంగారుపడక్కర్లేదు.

ఇక అలవాటు సంగతి. ప్రోగ్రాము మారడం తలకి తెలుస్తుంది, వేళ్లకి తెలియదు. యుడోరాలో కొత్త ఉత్తరాలొచ్చాయా అని చూడటానికి కంట్రోల్ ఎమ్. థండర్‌బర్డ్‌లో కంట్రోల్ ఎమ్ నొక్కితే కొత్త ఉత్తరం రాయమని తెల్లకాగితం తెరుస్తుంది. కార్యదర్శిగారు పొద్దున్నే ఆరున్నరకి వచ్చి కంట్రోల్ ఎమ్ నొక్కడం, తెల్లకాగితం రావడం, మూసేయడం, మళ్లీ నొక్కడం. మొదటి వారం ఒకరోజు చూస్తే తెర మీద పధ్నాలుగు తెల్లకాగితాలు! ఆ ఆల్ట్ క్లిక్ అయితే మరీ అన్యాయం. మేం పెట్టిన లినక్స్ డెస్కుటాపులో ఆల్ట్ పట్టుకుని లాగితే మొత్తం కిటికీయే చేతికొచ్చి పక్కకి జరిగిపోతుంది. ‘ఒకాయన ఉత్తరాలు చూపించమంటే ఇల్లంతా జరుపుతోందేవిటయ్యా’ అన్నారు. పైన వెతికే గడిలో పేరు కొడితే ఆయన ఉత్తరాలే మిగులుతాయని చూపించాను. ‘వస్తాయి గానీ, పక్కన చేరి నిలబడవు’ అన్నారు. నిజమే. ఆయన పోగొట్టుకున్నది చిన్నది కాదు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు తెలుగు సంగతికి వస్తాను. ఈ పనిలో నేను ముందుగా లెక్క వేసుకోని లాభం అదే.

తొంభైలలో కంప్యూటరులో తెలుగు ఉత్తరం రాయాలంటే ఇంగ్లీషు అక్షరాలే దిక్కు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉండగా కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు దానికొక పద్ధతి ఏర్పరిచారు. ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే ఆర్‌టీఎస్ అంటారు. అందులో పెద్దక్షరానికి, చిన్నక్షరానికి తేడా ఉంది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎల్ అయితే కల, పెద్ద ఎల్ అయితే కళ. ఏలూరు రాయాలంటే మొదటిది పెద్ద ఈ, నడుమది పెద్ద యూ. మన 2006 కొల్లేటి యుద్ధం సగం ఈ పద్ధతిలోనే జరిగింది. మిగతా సగం పద్ధతీ పాడూ లేని ఇంగ్లీషు అక్షరాల్లో.

యూనికోడులో తెలుగుకి చోటు 1991 నుంచీ ఉంది. ఎక్స్‌పీ వచ్చేసరికి విండోసులోనూ గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసిచ్చారు. 2006లో వీవెన్ గారు లేఖిని పెట్టారు, ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరాలు పడే పేజీ. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్లు లినక్సునే తెలుగు చేయడానికి కూర్చున్నారు. ఇన్ని జరుగుతున్నా యుడోరాకి యూనికోడు రాలేదు. అది నేర్చుకునేలోపే దాని ఆయుష్షు తీరింది. దానికి తెలుగు ఉత్తరం వస్తే ప్రతి అక్షరం చోటా మూడు ముక్కలు కనిపించేవి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, ఉష్ణోగ్రతలో వేసే డిగ్రీ గుర్తు, దాని పక్కన ఇంకేదో. పేజీ నిండా అవే.

మన తెలుగు మాష్టారు మీ అందరికీ గుర్తున్నారు. రిటైరయ్యాక అమెరికాలో కొడుకు దగ్గరకి వెళ్లారు. అక్కడ డెబ్భై దాటిన వయసులో మనవరాలి చేత లేఖిని నేర్చుకున్నారు. 2009 నుంచి సంఘానికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు, అచ్చ తెలుగు లిపిలో. తాడేపల్లిగూడెంలో అవి డిగ్రీ గుర్తులుగా దిగేవి. కార్యదర్శిగారు వినయంగా రాశారు, ‘మాష్టారూ, అక్షరాలు చెదిరిపోయి వస్తున్నాయి, దయచేసి ఇంగ్లీషు అక్షరాల్లో పంపగలరు’ అని. మాష్టారి సంగతి తెలిసిందే కదా. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడమా! మళ్లీ తెలుగులోనే పంపారు. అలా పదిహేడు ఉత్తరాలు. ముఖ్యమైనవి ఫోనులో చెప్పేవారు, మిగతావి అలాగే ఉండిపోయాయి. కార్యదర్శిగారు ఒక్కటీ చెరపలేదు. ‘గురువులు’ అన్న ఫోల్డరులో పెట్టి ఉంచారు. అర్థం కాని ఉత్తరాన్ని చెరపకుండా ఉంచడం అందరూ చేసే పని కాదు.

యుడోరా చూపించలేకపోయింది కానీ, చెడగొట్టలేదు. ఫైలులో ఆ అక్షరాల సంకేతాలు వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి. థండర్‌బర్డ్‌లో ఆ ఫోల్డరు తెరిచి, అక్షరాల పద్ధతి యూటీఎఫ్-8 అని చెప్పగానే పదిహేడూ తెలుగులో నిలబడ్డాయి. ఆ సమయానికి ల్యాబులో నేను, కార్యదర్శిగారు, ముగ్గురు పిల్లలు ఉన్నాం. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ దగ్గరకి లాక్కుని చదవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్లలేదు. మాష్టారు అప్పటికే మన మధ్య లేరు.

ఆ ఉత్తరాల్లో ఏముందంటే, ఒకదానిలో మన రజతోత్సవ సంచికలో దొర్లిన అచ్చుతప్పులు, పేజీ నంబర్లతో సహా. ‘విధ్యార్థి’ అని వత్తు పెట్టిన చోటల్లా పట్టుకున్నారు. ఈ స్వర్ణోత్సవ సంచిక ప్రూఫులు దిద్దినవాళ్లు ఆ ఉత్తరం పక్కన పెట్టుకునే దిద్దారు. ఇంకొకదానిలో బడి తొలి రోజులు, పెంకుటి పాక, స్థలం ఎలా వచ్చింది, మొదటి బ్యాచి పిల్లల పేర్లు, ఎవరు ఏ ఊరి నుంచి ఎలా నడిచి వచ్చేవారు. ఆ వివరాలు చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదు. ఆ ఉత్తరం పూర్తిగా ఈ సంచికలో వేశారు, చూడండి.

ఇదంతా దేనికి, అన్నీ జీమెయిలులో పెట్టేస్తే పోలేదా అని నన్ను చాలామంది అడిగారు. పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఒక ప్రతి అక్కడ ఉంటే మంచిదే. కానీ పాస్‌వర్డు తెలిసిన ఒక్క మనిషి మీద పాతికేళ్ల పెట్టెను వేలాడదీయడం నాకు నచ్చదు. మన చేతిలో, మన బళ్ళో, ఏ ప్రోగ్రాముతోనైనా తెరుచుకునే ఫైలుగా ఒక ప్రతి ఉండాలి. ప్రస్తుతం మూడున్నాయి. గ్రంథాలయం కంప్యూటరులో ఒకటి, బీరువాలో హార్డ్ డిస్కు మీద ఒకటి, నా కొట్లో ఒకటి. ఆ పాత ఎక్స్‌పీ కంప్యూటరు కూడా కార్యదర్శిగారింట్లోనే ఉంది. తీసేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు.

మిగిలిన పని చెప్పి దిగిపోతాను. ఆర్‌టీఎస్‌లో ఉన్న కొల్లేటి ఉత్తరాల్ని తెలుగు లిపిలోకి మార్చాలి. పద్ధతిగా రాసినవి కంప్యూటరు మారుస్తుంది, పద్ధతి లేనివి మనిషే చదివి కొట్టాలి. రాసినవాళ్లు చాలామంది ఈ హాల్లోనే ఉన్నారు. ఎవరిది వాళ్లు మార్చుకుంటే సులువు, బయటపెట్టాలా వద్దా అన్నదీ వాళ్లే తేల్చాలి. అడగకుండా ఏదీ అచ్చు వేయం. ఇంకో చిక్కుంది. యూనికోడు కాకుండా పాత పత్రికల ఫాంట్లలో టైపు చేసి పంపినవి కొన్ని ఉన్నాయి. తెలుగు వికీపీడియా మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారు పద్మ అనే సాధనం రాశారు, అలాంటి ఫాంట్లను యూనికోడులోకి మార్చేది. దాని సాయంతో చాలావరకు విడిపోయాయి. ఏడు ఉత్తరాలు మాత్రం ఏ ఫాంటో అంతుపట్టకుండా ఉన్నాయి. వాటిలో నాలుగు 2001లో ఒకే చిరునామా నుంచి వచ్చాయి, ఆ చిరునామా ఇప్పుడు పనిచేయడం లేదు. వాటి మొదటి పేజీలు అచ్చు తీసి గ్రంథాలయం గుమ్మం పక్కన బోర్డుకి అంటించాను. టీ తాగడానికి వెళ్లేటప్పుడు ఒకసారి చూడండి. ఆ రోజుల్లో మీరు ఏ సాఫ్టువేరులో తెలుగు కొట్టేవారో గుర్తొస్తే పక్కన పెన్సిలు కట్టి ఉంది, దాని పేరు రాసి వెళ్లండి.